బాలామృతం ప్యాకెట్: మంచిదే, కానీ మా బస్తీలో ఒక్క ప్యాకెట్‌తో అయ్యే పని కాదు

చిన్నపిల్లలకు జావగా కలిపి పెట్టే పొడి బాలామృతం తీసుకోవాలా వద్దా అని అడిగేవాళ్లకు నా జవాబు ముందే చెప్తున్నా: తీసుకోండి. అంగన్‌వాడీలో ఉచితంగా ఇస్తున్నారు కాబట్టి నాసిరకం అయ్యుంటుందని దాన్ని బర్రెల కుడితిలో కలిపేవాళ్లను చూశాను, చూసినప్పుడల్లా కడుపు మండింది. ఐదుకు మూడున్నర మార్కులు ఇస్తున్నా. పోయిన ఒకటిన్నరలో ప్యాకెట్ తప్పు కొంతే, మిగతాదంతా మేముండే ఇళ్లది, తాగే నీళ్లది, చేసే పనులది. అది విడమర్చి చెప్పడానికే ఇంత పొడుగు రాస్తున్నా, ఓపికతో చదవండి.

మేం నల్గొండలో దేవరకొండ రోడ్డు వైపు ఒక బస్తీలో ఒంటి గది కిరాయికి ఉంటాం. మా ఆయన ఆటో నడుపుతాడు, నేను ఒక మెడికల్ షాపులో కౌంటర్ మీద పనిచేస్తా. చిన్నోడికి రెండేళ్లు నిండబోతున్నాయి, పెద్దది రెండో తరగతి. ఇద్దరికీ ఇదే ప్యాకెట్ పెట్టి పెంచాను కాబట్టి వాడిన అనుభవం ఉంది. షాపులో కూర్చుంటాను కాబట్టి మిగతా తల్లులు పిల్లల కోసం ఏం కొంటున్నారో, ఎంత ఖర్చు పెడుతున్నారో కూడా రోజూ కళ్లారా చూస్తుంటా.

ముందు ప్యాకెట్ సంగతి. ఏడో నెల నుంచి మూడేళ్లు నిండేదాకా నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్ ఒకటి ఇస్తారు. హైదరాబాద్ నాచారంలో ఉన్న తెలంగాణ ఫుడ్స్ అనే ప్రభుత్వ సంస్థ దీన్ని తయారు చేస్తుంది. ఫార్ములా ప్రకారం వందలో 55 వంతులు వేయించిన గోధుమ, 5 శనగపప్పు, 10 పాలపొడి, 10 నూనె, 20 చక్కెర. వీటికి ఇనుము, కాల్షియం, కొన్ని విటమిన్లు కలుపుతారు. వంద గ్రాములు తింటే 414 కేలరీలు, 11 గ్రాముల ప్రొటీన్ వస్తాయి. దీనితో పాటు నెలకు 16 గుడ్లు. 2013 ఆహార భద్రత చట్టం మూడేళ్లలోపు పిల్లలకు రోజుకు 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల ప్రొటీన్ అంగన్‌వాడీ ద్వారా అందాలని రాసింది, ఈ పొడికి గుడ్డు తోడైతే ఆ లెక్క దాదాపు సరిపోతుంది. కాగితం మీద తప్పు పట్టడానికి పెద్దగా ఏం లేదు.

రుచి బాగుంటుంది. ప్యాకెట్ కత్తిరించగానే వేయించిన గోధుమపిండి వాసన కమ్మగా వస్తుంది, పిల్లలు మొదటి ముద్దకే అలవాటు పడతారు. పిండి ముందే వేయించి ఉంటుంది కాబట్టి పొయ్యి మీద చాలాసేపు ఉడికించే పని లేదు, కాచిన వేడి నీళ్లు పోసి ఉండలు లేకుండా కలిపితే చాలు. పొద్దున పనికి పోయే తొందరలో ఉన్న తల్లికి ఇది పెద్ద మేలు. గ్యాస్ బండ అయిపోయి పక్కింటావిడను వేడి నీళ్లు అడిగిన రోజున కూడా పిల్లాడు పస్తు పడుకోలేదు, దానికి ఈ ప్యాకెట్‌కు రుణపడి ఉన్నా.

జావ ఎలా చేయాలో ఒక్క మాట చెప్తా, ఎందుకంటే సగం మంది ఇక్కడే పాడు చేస్తున్నారు. పల్చగా చేయొద్దు. చెంచాతో తీసి పట్టుకుంటే జారి కింద పడకూడదు, చెంచాలోనే నిలవాలి. ఎనిమిది కిలోల పిల్లాడి కడుపులో ఒక్కసారికి చిన్న గ్లాసుడు కంటే ఎక్కువ పట్టదు, ఆ కాస్తలో సగానికి పైగా నీళ్లే పోస్తే వాడి ఒంటికి పట్టేది ఏముంటుంది? పల్చగా చేస్తే కడుపు నిండినట్టే ఉంటుంది, పిల్లాడు ఏడుపు మానేస్తాడు, మనకూ తృప్తిగా ఉంటుంది, కానీ బరువు మాత్రం ఎక్కడు. వీలైతే చెంచా నెయ్యో నూనో కలపండి, గుడ్డు ఉడకబెట్టి మెదిపి వేరేగా పెట్టండి. ఏడాది దాటినవాళ్లకు ఉండలు చేసి ఇవ్వొచ్చు, చపాతీ పిండిలో కలిపి కాల్చి ఇవ్వొచ్చు.

ఇక మార్కులు ఎందుకు తగ్గించానో చెప్తా.

మొదటిది చక్కెర. వందకు ఇరవై అంటే రోజుకు వంద గ్రాములు తినే పిల్లాడి కడుపులోకి ఇరవై గ్రాముల చక్కెర పోతుంది, నాలుగైదు చెంచాలు. రెండేళ్లలోపు పిల్లల తిండి గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన సూచనల్లో చక్కెర ఎక్కువున్న తిండి పెట్టొద్దని స్పష్టంగా ఉంది. 2024లో ఒక విదేశీ కంపెనీ మన దేశంలో అమ్మే పిల్లల ఆహారంలో చక్కెర కలుపుతోందని దేశమంతా గొడవైంది, టీవీల్లో చర్చలు నడిచాయి. అది కొనగలిగిన ఇళ్ల గొడవ. పేదింటి పిల్లలు తినే పొడిలో చక్కెర మీద మాత్రం అంత చర్చ నేను వినలేదు. చక్కెర వల్ల కేలరీలు పెరుగుతాయి, పిల్లలు ఇష్టంగా తింటారు, ఖర్చు తక్కువ, ఆ లెక్క నాకు అర్థమవుతుంది. కానీ తీపి మరిగిన నాలుకకు పప్పన్నం సప్పగా అనిపిస్తుంది. మా చిన్నోడు మజ్జిగన్నం ముద్ద నోట్లో పెడితే ఉమ్మేసి డబ్బా వైపు చెయ్యి చూపించేవాడు. ఆ తర్వాత వాడికి చాక్లెట్, తీపి బిస్కెట్, రంగు జ్యూసు అలవాటవడానికి ఎంతసేపు? చక్కెర సగానికి తగ్గించి ఆ చోటులో పప్పు, పల్లీలు పెంచితే నేను ఇంకో అర మార్కు కళ్లుమూసుకుని ఇస్తా. మన నేల మీద పండే పల్లి, జొన్న, రాగి ఉండగా గోధుమ మీదే ఇంత ఆధారపడటం కూడా నాకు నచ్చదు. మా అమ్మమ్మ కాలంలో పిల్లలు గటక తిని పెరిగారు, ఆ రుచి ఈ ప్యాకెట్‌లో ఎక్కడా లేదు.

రెండోది, ఇదే అసలు బాధ. ఈ ప్యాకెట్‌ను ఒక పిల్లాడికి నెల రోజులకని లెక్కగట్టారు. మా వరసలో ఏ ఇంట్లో ఒక్క పిల్లాడు ఉన్నాడు? చిన్నోడు గిన్నె ముందర కూర్చుంటే ఐదేళ్ల అక్క పక్కన నిలబడి చూస్తుంది, ఏడేళ్ల అన్న బడి నుంచి ఆకలితో వస్తాడు. ఒకరికి పెట్టి ఇంకొకరికి లేదని చెప్పే గుండె ఏ తల్లికి ఉంటుంది? పెట్టకూడదు కూడా. అట్లా నెలకు రావాల్సింది పదిహేను రోజులకే డబ్బా అడుగు కనిపిస్తుంది, మిగతా పదిహేను రోజులు టీలో బిస్కెట్ ముంచి పెడతారు. పక్కింట్లో అయితే కూలి దొరకని వారం పెద్దవాళ్లు కూడా దాన్నే రాత్రి కలుపుకుని తాగి పడుకున్నారు. అది చూసి ప్యాకెట్ దుర్వినియోగం అనే నోరు నాకు లేదు. ఇంట్లో తిండి లేనప్పుడు పిల్లాడి తిండి అని గోడ కట్టి ఎవరు కాపలా కాస్తారు? ఊళ్లో అయితే ఇంటి వెనక ఓ చిక్కుడు తీగ, పక్కింటి బర్రె పాలు, కాస్త ఆకుకూర ఏదో ఒకటి దొరుకుతుంది. ఇక్కడ కొత్తిమీర కట్ట దగ్గర నుంచి ప్రతిదీ కొనాలి, మంచినీళ్లతో సహా.

టీ గురించి చెప్పాలి. పాలు చాలక పిల్లలకు టీ పోసేవాళ్లు మా బస్తీలో చాలా మంది. ఇనుము కలిపిన తిండి పెట్టి వెంటనే టీ తాగిస్తే ఆ ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు. తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది, అంతకు ముందు సర్వేలో అది దాదాపు 61 శాతం. వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు కూడా 28 నుంచి 33 శాతానికి పెరిగారు. ఇవి ఊళ్లు, పట్నాలు అన్నీ కలిపిన లెక్కలు. పట్నం అనగానే సగటు బాగానే కనిపిస్తుంది, ఎందుకంటే మూడంతస్తుల ఇల్లు, మా రేకుల గది ఒకే వార్డు లెక్కలో కలిసిపోతాయి. మా గల్లీ వరకే విడిగా కొలిచి రాస్తే ఏం తేలుతుందో చూడాలని నాకు చాలా రోజులుగా ఉంది.

మూడోది, పగటిపూట తినిపించే మనిషి. ఇది ప్యాకెట్ మీద రాయరు గానీ మొత్తం ఇక్కడే ఉంది. తొమ్మిది నెలలు దాటిన పిల్లాడికి రోజుకు మూడు నాలుగు సార్లు తిండి, మధ్యలో ఒకటి రెండు సార్లు చిరుతిండి పెట్టాలి. మా బస్తీ ఆడవాళ్లు పొద్దున ఎనిమిదింటికల్లా కూలీల అడ్డా మీద ఉంటారు, లేదా నాలుగిళ్లలో అంట్లు తోముతుంటారు, ఇంటికి వచ్చేసరికి పొద్దుగూకుతుంది. అంగన్‌వాడీ తలుపు వాళ్లు పోయాక తెరుస్తారు, వాళ్లు రాకముందే మూస్తారు. మూడేళ్లలోపు పిల్లలను అక్కడ దినమంతా ఉంచుకోరు, ప్యాకెట్ ఇంటికిచ్చి పంపుతారు. ఇంటికి పోయిన ప్యాకెట్‌ను ఎవరు కలపాలి?

ఎవరు కలుపుతారో చెప్తా. మా ఎదురు గదిలో తొమ్మిదేళ్ల పాప ఉంది, బడి మాన్పించి తమ్ముడికి కాపలా పెట్టారు. పొయ్యి ముట్టుకోవద్దని తల్లి చెప్పి పోతుంది, కాబట్టి ఆ పాప డ్రమ్ములో నీళ్లు చెంబుతో ముంచి, రెండు గుప్పిళ్ల పొడి వేసి, వేలితో కలిపి, పాలసీసాలో పోస్తుంది. చిక్కగా ఉంటే రబ్బరు నిప్పిల్‌లో నుంచి రాదని ఇంకొన్ని నీళ్లు పోస్తుంది, అప్పటికీ రాకపోతే బ్లేడుతో ఆ రంధ్రం పెద్దది చేస్తుంది. తమ్ముడి నోట్లో సీసా పెట్టి, వాడి తల తన తొడ మీద పెట్టుకుని, జో కొడుతూ తాగిస్తుంది. ఎంత ప్రేమగా తాగిస్తుందంటే చూస్తుంటే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. సగం తాగి వాడు పడుకుంటే మిగిలింది సీసాలోనే ఉంటుంది, ఎండాకాలం రేకుల కింద రెండు గంటలు ఉంటుంది, లేచాక అదే మళ్లీ నోట్లో పెడుతుంది. ఆ పిల్లను అనడానికి ఏముంది, తనకే ఒకరు అన్నం కలిపి పెట్టాల్సిన వయసు. ఆ పిల్లాడికి నెలలో రెండుసార్లైనా విరేచనాలు పట్టుకుంటాయి, తల్లి మా షాపుకు పరిగెత్తుకొస్తుంది.

అందుకే చెప్తున్నా, దయచేసి ఈ పొడిని సీసాలో పోయకండి. గిన్నె, చెంచా, అంతే. కలిపింది అప్పుడే తినిపించండి, మిగిలితే పారబోయండి, పారబోయడానికి మనసొప్పకపోతే తక్కువ కలపండి. ప్యాకెట్ విప్పాక మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పోసుకోండి, తడి చెంచా పెట్టకండి, వానాకాలంలో మా లాంటి చెమ్మ గదుల్లో ఏ పిండైనా తొందరగా పాడవుతుంది.

నాలుగోది నీళ్లు. నల్గొండ వాళ్లకు నీళ్ల గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు, మన జిల్లా పేరు చెప్తేనే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అనే పేరు పెట్టింది నాగ్‌పూర్‌లోని నీరి సంస్థే, 1970ల్లో. ఇప్పుడు కృష్ణా నీళ్లు, మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక పరిస్థితి చాలా మారింది, ఆ మేలు మర్చిపోకూడదు. కానీ నల్లా రాని రోజున బస్తీలో జనం బోరింగ్ దగ్గరికే పోతారు. చాలా మందికి తెలియని విషయం ఒకటుంది: నీళ్లు కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరే కొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది. బోరు నీళ్లు బాగా మరిగించి జావ కలుపుతున్నాం కదా, ఇక భయం లేదు అనుకోవద్దు. చిగురు కింద తయారవుతున్న పళ్ల మీద ఫ్లోరైడ్ దెబ్బ పడేది ఈ వయసులోనే, తిండిలో కాల్షియం తక్కువైన పిల్లల ఎముకలకు హాని ఇంకా ఎక్కువ. భగీరథ నీళ్లు పట్టి కాచి చల్లార్చి వాడండి, అవి దొరకని రోజు ప్లాంట్ నీళ్లు తెచ్చి చిన్నపిల్లాడి వరకైనా వాడండి.

నల్లా నీళ్లు కూడా మోరీ పక్క నుంచి పోయే పైపులోంచి వస్తే ఇంకో గండం. మా గల్లీలో రోజు విడిచి రోజు నీళ్లు, మొదటి రెండు బిందెలు మట్టి రంగులో వస్తే పారబోసి పట్టుకుంటాం. పట్టిన నీళ్లు డ్రమ్ములో ఉంటాయి, ఇంట్లో అందరి చేతులూ అందులోనే మునుగుతాయి. మాటిమాటికీ విరేచనాలయ్యే పిల్లాడి పేగు లోపలి పొర దెబ్బతింటుంది, ఆ తర్వాత ఎంత మంచి తిండి పెట్టినా సగం ఒంటికి పట్టకుండానే బయటికి పోతుంది. తిండి లేక చిక్కిన పిల్లాడికి రోగాలు తొందరగా వస్తాయి, రోగం వస్తే ఉన్న తిండి కూడా వెళ్లిపోతుంది. చిల్లి కుండలో నీళ్లు పోసినట్టే ఉంటుంది మా పని, అందుకే ప్యాకెట్ ఒక్కటే ఇచ్చి పిల్లాడు ఎందుకు ఎదగలేదని తల్లిని నిలదీస్తే నాకు కోపం వస్తుంది. మోరీ మీద మూత వేయించడం కూడా పోషకాహారం కిందికే వస్తుంది.

షాపు కౌంటర్ దగ్గర నేను రోజూ వినే మాట ఇది: "అక్కా, పోరడు ఏం తింటలేడు, ఆకలి మందు ఇయ్యి." డాక్టర్ చీటీ ఉండదు. ఎవరో చెప్పిన సిరప్ పేరు ఫోన్‌లో ఫొటో ఉంటుంది. ఆ సీసా ఖరీదు ఆమె ఒక పూట కూలికి దగ్గరగా ఉంటుంది. నేను అడుగుతా, ఎన్ని రోజుల నుంచి తినట్లేదు, విరేచనాలు ఉన్నాయా, ఆఖరిసారి నులిపురుగుల గోలీ ఎప్పుడు వేశారు అని. ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో, ఆగస్టులో, ఆ గోలీ అంగన్‌వాడీలో, బడిలో ఉచితంగా వేస్తారు, ఏడాది నిండి రెండేళ్లలోపు వాళ్లకు సగం, ఆ పైన ఒకటి. సగం మందికి ఆ రోజు వచ్చి పోయిన సంగతే తెలియదు, ఎందుకంటే ఆ రోజు వాళ్లు పనిలో ఉన్నారు. ఆకలి లేకపోవడం వెనక పురుగులో, రక్తం తక్కువ కావడమో, ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్‌తో కడుపు నింపుకోవడమో ఉంటుంది, దానికి నిద్రమత్తు తెప్పించే సిరప్ పోస్తే ఏం బాగుపడుతుంది? ఆ డబ్బుతో గుడ్లు కొనమంటే కొందరు వింటారు, కొందరు పక్క షాపుకు పోతారు. పోయినా నేను చెప్పడం మానను.

ఇంకొకటి విరేచనాలప్పుడు డబ్బా జ్యూసులు. ఓఆర్ఎస్ అని పెద్ద అక్షరాలతో పేరు పెట్టుకుని చక్కెర నీళ్లు అమ్మారు ఇన్నాళ్లూ. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఎనిమిదేళ్లు కొట్లాడితే 2025 అక్టోబర్‌లో ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు అట్లాంటి డ్రింకుల మీద వాడకూడదని ఆపింది. ఆ వార్త చదివిన రోజు నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను, ఎందుకంటే నీరసంగా వేలాడుతున్న పిల్లాడిని భుజాన వేసుకుని వచ్చి "ఆ డబ్బా ఇయ్యి" అని అడిగిన తల్లులను నేను చూశాను. విరేచనాలకు కావాల్సింది డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్, దాని మీద రాసినన్ని నీళ్లలో, పెద్ద ప్యాకెట్ అయితే లీటరు నీళ్లలో, మొత్తం ఒకేసారి కలపాలి. దాంతో పాటు జింక్ 14 రోజులు, విరేచనాలు ఆగిపోయినా సరే ఆపకుండా. రెండూ ఆశా కార్యకర్త దగ్గర, బస్తీ దవాఖానాలో ఉచితమే, నేను షాపులో కూర్చునే ఈ మాట చెప్తున్నా. బాలామృతం విరేచనాలప్పుడు ఆపాలా అని చాలా మంది అడుగుతారు, ఆపొద్దు, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి, తల్లిపాలు తాగే పిల్లాడైతే పాలు అసలే ఆపొద్దు.

కొలత గురించి కూడా తెలుసుకోండి. అంగన్‌వాడీలో టీచర్ పిల్లాడి ఎడమ భుజం మధ్యలో ఒక రంగుల టేపు చుడుతుంది. మొదట్లో నేను పట్టించుకోలేదు, చూసి తెలుసుకున్నాక ఆ టేపు విలువ అర్థమైంది. ఆరు నెలలు దాటి ఐదేళ్లలోపు పిల్లాడికి ఆ చుట్టుకొలత పన్నెండున్నర సెంటీమీటర్లు దాటితే ఆకుపచ్చ. పదకొండున్నరకు, పన్నెండున్నరకు మధ్య ఉంటే పసుపు. పదకొండున్నర లోపు పడితే ఎరుపు, అంటే తీవ్రమైన లోపపోషణ. ఎరుపు పడ్డ పిల్లాడికి మామూలు ప్యాకెట్ సరిపోదు, వాళ్ల కోసం బాలామృతం ప్లస్ అని వేరేది ఉంది, జ్వరమో వాపో ఉంటే, తిండి మొత్తం మానేస్తే సర్కారు దవాఖానాలో పోషకాహార పునరావాస కేంద్రానికి తీసుకుపోవాలి. అక్కడ తల్లితో పాటు రెండు వారాల దాకా ఉంచుకుంటారు. ఇక్కడ చిక్కు ఏమిటంటే, రెండు వారాలు కూలి పోగొట్టుకుని, ఇంట్లో మిగతా పిల్లలను ఎవరికో అప్పజెప్పి పోయే తల్లి ఎవరు? మా వరసలో ఒకామె మూడో రోజే బిడ్డను ఎత్తుకుని వచ్చేసింది, అక్కడ బాగా చూసుకోలేదని కాదు, ఇంట్లో ఇంకో ఇద్దరు ఉన్నారని.

డబ్బు లెక్క ఒకటి చెప్పి ఈ గొడవ ముగిస్తా. అంగన్‌వాడీ పిల్లాడి తిండికి రోజుకు 8 రూపాయలు, తీవ్ర లోపపోషణ ఉన్నవాడికి 12 రూపాయలు అని 2017లో కేంద్రం లెక్క కట్టింది. ఈ రోజు నల్గొండ ప్రకాశం బజార్‌లో ఒక్క గుడ్డు కొనాలంటే ఆరేడు రూపాయలు. ఆ లెక్కలో గుడ్డు పోను పొడికి, పాలపొడికి ఏం మిగులుతుంది? రాష్ట్రం తన చేతి నుంచి వేసుకుని గుడ్లు ఇస్తున్నందుకు సంతోషమే, కానీ 16 గుడ్లు నెలలో సగం రోజులకే. మూడేళ్లు దాటి సెంటర్‌కు వచ్చే పిల్లలకు నెలకు 30 గుడ్లు ఉండగా, ఎదుగుదలకు అన్నిటికన్నా ముఖ్యమైన మొదటి రెండేళ్లలో ఉన్నవాళ్లకు సగం ఎందుకు? ప్యాకెట్ ఇంకా పెద్దది చేయమని నేను అడగను. చక్కెర తగ్గించండి, చిన్నపిల్లలకు కూడా రోజుకో గుడ్డు ఇవ్వండి, అడ్డా మీద పనికి పోయే తల్లుల పిల్లలను సాయంత్రం దాకా ఉంచుకుని తినిపించే చోటు బస్తీకి ఒకటి పెట్టండి. పాల్నా పేరుతో అంగన్‌వాడీలోనే క్రెష్, అంటే పగలంతా పిల్లలను చూసుకునే చోటు, నడిపే పథకం కేంద్రం దగ్గర ఉంది. భవన కార్మికుల చట్టం 1996లో యాభై మందికి పైగా ఆడవాళ్లు పనిచేసే చోట క్రెష్ పెట్టాలని రాశారు, మన అడ్డాల మీద ఒక్కో మేస్త్రీ ఐదారుగురిని తీసుకుపోతాడు, ఆ యాభై ఎప్పుడు నిండాలి, ఆ క్రెష్ ఎప్పుడు రావాలి. ఆ తొమ్మిదేళ్ల పాప మళ్లీ బడికి పోవాలంటే, వాళ్ల తమ్ముడి చేయి చుట్టుకొలత ఒక సెంటీమీటరు పెరగాలంటే కావాల్సింది అట్లాంటి గది ఒకటి, దాంట్లో ఒక ఆయమ్మ.

చివరగా, ఊళ్ల నుంచి కొత్తగా పట్నం వచ్చినవాళ్లకు. చందంపేట, డిండి తండాల నుంచి, పాలమూరు వైపు నుంచి వచ్చి మా బస్తీలో ఉంటున్నవాళ్లలో చాలా మందికి ప్యాకెట్ రావట్లేదు, అడిగితే పేరు ఊళ్లో ఉందంటారు. పేరు ఊళ్లో ఉన్నంత మాత్రాన ఇక్కడ ఇవ్వరని కాదు. అంగన్‌వాడీ పిల్లల పేర్లు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఒక సెంటర్ నుంచి ఇంకో సెంటర్‌కు పేరు మార్చే వీలుంది, ఇక్కడి టీచర్‌ను ఆ మాట అడగండి, ఊళ్లో సెంటర్‌కు కూడా ఫోన్ చేసి చెప్పండి. 2025 జులై నుంచి ఇంటికిచ్చే తిండికి ముఖం స్కాన్ చేస్తున్నారు, కాబట్టి ప్యాకెట్ ఇచ్చే తేదీ ముందే కనుక్కుని ఆ పూట పనికి కాస్త ఆలస్యంగా పోండి, అత్తమ్మనో పెద్ద పాపనో పంపితే తిప్పి పంపొచ్చు. ఆధార్‌కు ఏ ఫోన్ నంబర్ ఇచ్చారో అది నడుస్తోందో లేదో చూసుకోండి, నంబర్ మారి ఉంటే ముందు ఆధార్ కేంద్రంలో అది మార్పించుకుని అప్పుడు సెంటర్‌కు పోండి.